కొండ మీదికి పాట ఎలా వచ్చింది: సంత నుంచి సెల్లు దాకా

పోస్టు కొంచెం పెద్దదే, తీరిక చూసుకుని చదవండి.

మొన్న సంక్రాంతి సెలవులకి ముందు మా హాస్టల్లో ఒక చిన్న విషయం జరిగింది. ఆదివారం పొద్దున్న ఫోన్లో యూట్యూబ్ పెట్టి, ఒక థింసా పాట వేసి, అందరం బట్టలు ఉతుక్కుంటున్నాం. ఆ పాట అయిపోయింది. చేతులు తడిగా ఉన్నాయి కాబట్టి ఎవరూ ఫోను ముట్టుకోలేదు. దానంతట అదే ఇంకో పాట మొదలెట్టింది. పేరు ఒడియా లిపిలో ఉంది, మాకెవరికీ చదవడం రాదు. పాట మాత్రం అర్థమైపోయింది, దేశియా మాటలు. ముంచంగిపుట్టు వైపు నుంచి వచ్చిన మా ఫ్రెండు సబ్బు చేత్తోనే వచ్చి నిలబడిపోయాడు. "ఇది మా అమ్మమ్మ పాడతాది రా" అన్నాడు.

పాట కోరాపుట్ కుర్రాళ్ళు తీసింది. వాళ్ళ అమ్మమ్మ యూట్యూబ్ ఎప్పుడూ చూడలేదు. ఆ కుర్రాళ్ళు వాళ్ళ ఊరు ఎప్పుడూ రాలేదు. మేమెవరం ఆ పాట వెతకలేదు. మరి ఫోనుకి ఎలా తెలిసింది, థింసా తర్వాత ఇది వెయ్యాలని?

కంప్యూటర్స్ చదివే సీనియర్ అన్నని అడిగాం. ఇళ్ళకి వెళ్ళినప్పుడు పెద్దవాళ్ళని అడిగాం. లైబ్రరీలో జిల్లా చరిత్ర తిరగేశాం. మేము అనుకున్నదానికంటే కథ చాలా పాతది. అందుకే ఇక్కడ రాస్తున్నాం.

ముందు సరిహద్దు సంగతి చెప్పాలి. ఇప్పుడు కోరాపుట్ అంటే మనకి ఒడిశా, వేరే రాష్ట్రం. కానీ 1936 దాకా అది విశాఖపట్నం జిల్లాలోనే ఉండేది. జయపురం మహారాజు జమీందారీ, దాని చుట్టూ ఉన్న ఏజెన్సీ, అంతా విశాఖపట్నం కలెక్టరు కిందే. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక ప్రావిన్సు అయినప్పుడు కోరాపుట్ విడిపోయింది. గీత గీసినవాళ్ళు చూసింది రెండు భాషలే, ఇటు తెలుగు, అటు ఒడియా. కువి, గదబ, పోర్జ, దేశియా మాట్లాడేవాళ్ళు ఆ లెక్కలో ఎక్కడ ఉన్నారో మనకి తెలిసిందే. గీత వాళ్ళ మధ్యలోంచి పోయింది. (సాలూరు, పొట్టంగి మధ్య కొఠియా 21 గ్రామాలు ఎవరివన్న తగువు ఇప్పటికీ రెండు రాష్ట్రాల మధ్య నడుస్తూనే ఉంది. అది ఇంకో పోస్టు రాయాల్సినంత ఉంది.)

అయితే గీత పడ్డంతమాత్రాన పెళ్ళిళ్ళు ఆగలేదు. మాచ్‌ఖండ్ అవతల నుంచి కోడళ్ళు వస్తూనే ఉన్నారు, ఇవతల నుంచి ఆడపిల్లలు వెళ్తూనే ఉన్నారు. గురువారం ఒనకడెల్లి సంతకి ఇటువాళ్ళు పోతూనే ఉన్నారు. కొత్త పాట వచ్చింది కూడా ఈ దారుల్లోనే. కోడలు వస్తే ఆ ఊరి పాటలు కూడా వచ్చేవి. చైత్రమాసంలో ఒక ఊరి థింసా జట్టు ఇంకో ఊరికి వెళ్ళి ఆడేది, తర్వాత రెండు ఊళ్ళూ కలిసి తినేవి. దీన్ని సంకిడి కేల్బార్ అంటారు. కేల్బార్ అంటే ఆడటం. మోరి ఊదేవాడు, తుడుము, కిరిడి వాయించేవాళ్ళు అవతలి ఊరి దరువు విని, నచ్చితే పట్టుకొచ్చేవాళ్ళు. కొత్త పాట కావాలంటే నడిచి వెళ్ళాలి, లేదా ఎవరైనా నడిచి రావాలి.

మేము అడిగిన పెద్దవాళ్ళలో ఒక్కరు కూడా పాటకి "ఎవరు రాశారు" అని చెప్పలేదు. "ఎక్కడిది" అనే చెప్పారు. ఫలానా ఊరిది, ఫలానా కోడలు తెచ్చింది అని. ఈ సంగతి గుర్తుంచుకోండి, కిందికి పోయాక మళ్ళీ వస్తుంది.

తర్వాత రేడియో. ఇక్కడ కొంచెం దేశం కథ చెప్పాలి. 1952లో సమాచార ప్రసార మంత్రి అయిన బి.వి. కేస్కర్‌కి సినిమా పాటలంటే పడేది కాదు. ఆకాశవాణిలో శాస్త్రీయ సంగీతమే ఉండాలన్నాడు. జనం ఏం చేశారు? రేడియో ముల్లు సిలోన్ వైపు తిప్పారు. అదే ఏడాది డిసెంబరులో రేడియో సిలోన్‌లో అమీన్ సయానీ బినాకా గీత్‌మాలా మొదలైంది. సిలోన్‌లో తెలుగు పాటలు కూడా వచ్చేవి, మీనాక్షి పొన్నుదొరై గొంతు చెప్పగానే ఇప్పటికీ గుర్తుపట్టే తాతలు ఉన్నారు. చివరికి మన ప్రభుత్వమే దిగొచ్చి 1957 అక్టోబరు 3న వివిధ భారతి పెట్టింది.

ఆ రోజుల్లో మన ఇష్టం రేడియోకి తెలియాలంటే ఒక్కటే దారి, కార్డు ముక్క రాయడం. ఇప్పటి జార్ఖండ్‌లో ఝుమ్రీ తలైయా అని అభ్రకం గనుల ఊరు ఒకటుంది. చిన్న ఊరు. అక్కడివాళ్ళు పాట కావాలని ఎన్ని కార్డులు రాశారంటే, దేశమంతా ఆ ఊరి పేరు రేడియోలో విని విని, అసలు అలాంటి ఊరు ఉందా, ఉత్త కల్పనా అని జోకులేసేదాకా పోయింది. ఎక్కువ కార్డులు ఎక్కడి నుంచి వస్తే ఆ ఊరి ఇష్టమే దేశం చెవిలో పడేది. మన మన్యం నుంచి ఎన్ని కార్డులు పోయి ఉంటాయి? కార్డు రాయాలంటే అక్షరం రావాలి, కార్డు కొనాలి, దగ్గర్లో పోస్టు డబ్బా ఉండాలి. మాలో చాలామంది ఇళ్ళల్లో అక్షరం వచ్చింది మాతోనే.

విశాఖపట్నం ఆకాశవాణి కేంద్రం 1963లో వచ్చింది. జయపురం కేంద్రం 1964లో వచ్చింది. గీతకి ఇటొకటి, అటొకటి, ఏడాది తేడాలో. ఇది తెలుగు స్టేషను, అది ఒడియా స్టేషను. కానీ మీడియం వేవ్ తరంగాలు రాత్రిళ్ళు చాలా దూరం పోతాయి, వాటికి చెక్‌పోస్టు లేదు. జయపురం స్టేషను దేశియా పాటలు కూడా వేస్తుంది. మా ఫ్రెండు తాత రాత్రి పూట రేడియోని కిటికీ దగ్గర పెట్టి, ఒక పక్కకి తిప్పితే జయపురం వినిపించేదని, ఇంకో పక్కకి తిప్పితే విశాఖ అని చెప్పాడు. ఏది ఎక్కువ వినేవాడివి తాతా అంటే, "ఏది బాగా పలికితే అది" అన్నాడు.

క్యాసెట్టు గురించి ఎక్కువ చెప్పం, మేము పుట్టేసరికి అది దాదాపు అయిపోయింది. ఒక్క సంగతి మాత్రం ముఖ్యం. గ్రామఫోను కాలంలో పాట రికార్డు చెయ్యాలంటే పెద్ద కంపెనీ కావాలి. 1980లలో క్యాసెట్టు వచ్చాక చిన్న ఊళ్ళోవాళ్ళు కూడా పాట రికార్డు చేసి సంతలో అమ్ముకోగలిగారు. వంగపండు ప్రసాదరావు పాటలు, గద్దర్ పాటలు ఊళ్ళ మీదికి అలాగే పోయాయి. ఒడిశా వైపు చూస్తే రంగబతి పాట ఉంది. సంబల్‌పురి పాట. మిత్రభాను గౌంతియా రాశాడు, ప్రభుదత్త ప్రధాన్ సంగీతం, జితేంద్ర హరిపాల్, కృష్ణా పటేల్ పాడారు. 1970లలో సంబల్‌పూర్ రేడియోలో వచ్చింది, తర్వాత రికార్డుగా వచ్చింది, ఆ తర్వాత పెళ్ళి బ్యాండు లేకుండా బతకలేని పాట అయిపోయింది. అంత పేరొచ్చిన పాట పాడిన హరిపాల్ మాత్రం చాలా ఏళ్ళు పేదరికంలోనే ఉన్నాడు. 2017లో ఆయనకి పద్మశ్రీ ఇచ్చారు. 2015లో ఒక పెద్ద టీవీ కార్యక్రమంలో ఆ పాటని మళ్ళీ చేసినప్పుడు, మమ్మల్ని అడగలేదని రాసినాయన, సంగీతం చేసినాయన లీగల్ నోటీసు పంపారు. వాళ్ళ పేర్లు ఎక్కడో కాగితం మీద ఉన్నాయి కాబట్టి నోటీసు పంపగలిగారు.

ఇక మాకు బాగా తెలిసిన కాలం, మెమరీ కార్డు కాలం.

చోడవరం తెలియనివాళ్ళకి చెప్తున్నాం. విశాఖ నుంచి పాడేరు పోయే బస్సు చోడవరం, మాడుగుల మీదుగానే ఘాట్ ఎక్కాలి. జిల్లాలు మార్చాక 2022 నుంచి చోడవరం అనకాపల్లి జిల్లాలోకి, పాడేరు అల్లూరి జిల్లాలోకి పోయాయి గానీ, దారి మారలేదు. గోవాడ సుగర్ ఫ్యాక్టరీకి పోయే చెరకు బళ్ళు, బెల్లం వ్యాపారులు, పైనుంచి దిగిన మనవాళ్ళు, అందరూ ఇక్కడ కలుస్తారు. మేము చిన్నప్పుడు మా నాన్నలతో కిందికి దిగితే, బస్సు కోసం ఆగే గంటలో తప్పకుండా చేసే పని ఒకటుండేది. సెల్లు రిపేరు కొట్లో పాటలు ఎక్కించుకోవడం. కార్డు నిండా పాటలకి 20 రూపాయలు, బేరమాడితే 15.

ఆ కొట్టు అన్న కార్డు తీసుకుంటూ మొదట అడిగే మాట "ఏ ఊరు తమ్ముడూ?" అని. ఏ పాటలు కావాలని అడిగేవాడు కాదు. ఊరు చెప్పగానే కంప్యూటర్లో ఒక ఫోల్డరు తెరిచేవాడు. చిరంజీవి, పవన్, భక్తి, ఏడుపు పాటలు, డీజే అని వరసగా ఫోల్డర్లు ఉండేవి. అందులో ఒకటి "ఏజెన్సీ". అందులో థింసా డీజే మిక్సులు, కోరాపుట్ పాటలు, ఎవరో పెళ్ళిలో రికార్డు చేసిన మోరి సన్నాయి కూడా ఉండేది. కిందోడికి, ఒక్క దేశియా మాట రానోడికి, ఇన్ని పాటలు ఎక్కడివి?

ఈ మధ్య వెళ్ళి అడిగాం. ఇప్పుడు టెంపర్డ్ గ్లాసులు అమ్ముతున్నాడు. నవ్వి చెప్పాడు. పైనుంచి వచ్చినవాళ్ళ కార్డులో తన దగ్గర లేని పాటలు ఏవైనా ఉంటే ముందు అవి తన కంప్యూటర్లోకి కాపీ చేసుకునేవాడంట. ముంచంగిపుట్టువాడు ఒనకడెల్లి సంతలో ఎక్కించుకున్న పాట ఇక్కడికి వస్తుంది, రేపు హుకుంపేటవాడు వస్తే వాడి కార్డులోకి పోతుంది. "పాట అర్థం కావక్కర్లేదు తమ్ముడూ, మీ పక్కూరోడు ఎక్కించుకున్నాడంటే నీకూ నచ్చుతాది" అన్నాడు.

కంపెనీల హక్కుల లెక్కలో అది తప్పే, దొంగ కాపీయే. మేము దాన్ని గొప్ప పనని చెప్పట్లేదు. కానీ ఆయన చెప్పిన ఆ మాట వినగానే మా సీనియర్ అన్న గట్టిగా నవ్వేశాడు. ఎందుకంటే అమెరికాలో 1994లో ఎం.ఐ.టి.లో చేసింది కూడా సరిగ్గా అదే.

దాని పేరు రింగో. ఉపేంద్ర శర్దానంద్ అనే విద్యార్థి, పాటీ మేస్ అనే ప్రొఫెసరు తయారుచేశారు. అప్పటికి ఇంటర్నెట్ అంటే ఎక్కువ ఈమెయిలే. ఈమెయిల్లో గాయకుల పేర్లు వచ్చేవి, ఒక్కొక్కరికి 1 నుంచి 7 దాకా మార్కులు వేసి పంపాలి. నీలాగే మార్కులు వేసినవాళ్ళు ఎవరో రింగో వెతికేది. వాళ్ళకి నచ్చి, నువ్వు ఇంకా విననివి నీకు చెప్పేది. పాట ఎలా ఉంటుందో రింగోకి తెలీదు. రాగం తెలీదు, భాష తెలీదు. ఎవరికి ఏది నచ్చింది అన్న లెక్క ఒక్కటే తెలుసు. వాళ్ళు రాసిన పరిశోధన వ్యాసంలో దాన్ని నోటి మాటని యంత్రంతో చేయించడం అన్నట్టే చెప్పారు. తర్వాత అది ఫైర్‌ఫ్లై అనే కంపెనీ అయింది, 1998లో మైక్రోసాఫ్ట్ కొనుక్కుంది.

దాని తర్వాత చాలా వచ్చాయి. 2000లో మొదలైన పండోరా వాళ్ళు సంగీతం తెలిసినవాళ్ళని కూర్చోబెట్టి ఒక్కో పాటని వందల లక్షణాలుగా విడగొట్టించారు. 2002లో ఇంగ్లండులో లాస్ట్ ఎఫ్ఎమ్ వచ్చింది, నువ్వు మార్కులు వెయ్యక్కర్లేదు, ఏం విన్నావో అదే రాసుకుంటుంది. 2015 జులైలో స్పాటిఫై ప్రతి సోమవారం 30 కొత్త పాటల జాబితా ఇవ్వడం మొదలెట్టింది. అది మన దేశానికి వచ్చింది 2019 ఫిబ్రవరిలో. ఈలోపు యూట్యూబ్ 2012 నుంచి ఎంతమంది చూశారన్నది కాకుండా ఎంతసేపు చూశారన్నది లెక్కలోకి తీసుకోవడం మొదలెట్టింది. ఇప్పుడు యంత్రాలు పాట శబ్దాన్ని కూడా విని పోలుస్తున్నాయి. కానీ వీటి పునాదిలో ఉన్నది చోడవరం కొట్టు అన్న లెక్కే. పక్కూరోడు ఏం ఎక్కించుకున్నాడు?

పక్కూరు ఏదో యంత్రానికి తెలియాలంటే మనం అందులో ఉండాలి కదా. అక్కడే జియో కథ వస్తుంది. 2016 సెప్టెంబరు 5న జియో మొదలైంది, 2017 మార్చి దాకా డేటా ఫ్రీ. కింద చోడవరంలో అందరూ వీడియోలు చూస్తుంటే, పైన మా ఊళ్ళల్లో సిగ్నలు కోసం చెట్టెక్కేవాళ్ళం. చాలా ఊళ్ళకి అది ఆలస్యంగానే వచ్చింది. 2023 జూన్‌లో రాష్ట్రంలో ఒకే రోజు 100 టవర్లు మొదలెడితే అందులో 85 అల్లూరి జిల్లాలోనే. అంటే అప్పటిదాకా ఎన్ని ఊళ్ళు లెక్కలో లేవో అర్థం చేసుకోండి. కరోనా కాలంలో ఆన్‌లైన్ క్లాసులు అన్నప్పుడు మేము పడ్డ పాట్లు ఇక్కడ చాలామందికి గుర్తే ఉంటాయి, మళ్ళీ రాయక్కర్లేదు.

సిగ్నలు వచ్చిన ఊళ్ళల్లో కుర్రాళ్ళు థింసా వెతికారు, దాని పక్కనే కోరాపుట్ పాటలు వెతికారు. అవతల కోరాపుట్‌లో కుర్రాళ్ళు వాళ్ళ పాటలు వింటూ మన థింసా డీజేలు కూడా విన్నారు. ఎవరూ ఎవరికీ చెప్పలేదు. యంత్రం రెండు గుంపులనీ చూసి, వీళ్ళూ వాళ్ళూ ఒకటేలా ఉన్నారే అనుకుంది. దానికి 1936 తెలీదు. ఇది తెలుగు స్టేషను, అది ఒడియా స్టేషను అని తెలీదు. ఆ ఆదివారం మా బట్టల సబ్బు దగ్గరికి ఆ పాట వచ్చింది అలాగే అని మా సీనియర్ అన్న వివరణ. కంపెనీ లోపలి లెక్క మేము చూడలేదు గానీ, ఇది తప్ప ఇంకో దారి మాకు కనపడలేదు.

బడిలో మా దేశియా మాటని "నాటు మాట" అనేవారు. 2004లో ప్రభుత్వం ఎనిమిది గిరిజన భాషల్లో చిన్న తరగతుల పుస్తకాలు మొదలెట్టినప్పుడు అందులో ఆదివాసీ ఒడియా కూడా ఉంది, కువి, కొండ, సవర, కోయ, గోండి, కొలామి, బంజారాతో పాటు. మాలో కొందరు ఆ పుస్తకాలు చూశారు, ఎక్కువమంది చూడలేదు. కానీ ఒడిశా కుర్రాడి పాట కింద మనవాళ్ళు తెలుగు అక్షరాల్లో దేశియా రాయడం మాత్రం రోజూ చూస్తున్నాం.

ఇంతవరకు బాగుంది. ఇప్పుడు బాగులేనిది.

ఏ పాటల యాప్ అయినా తెరవండి, మొదట భాష అడుగుతుంది. మేము చూసినవాటిలో తెలుగు ఉంది, ఒడియా ఉంది, హర్యాణ్వీ కూడా ఉంది. కువి లేదు, గదబ లేదు, దేశియా లేదు. 2011 జనాభా లెక్కల్లో సవర మాట్లాడేవాళ్ళు 4 లక్షల పైన ఉన్నారు, అది కూడా లేదు. తెలుగు నొక్కితే తెలుగు సినిమా పాటలు వస్తాయి. ఇక అక్కడి నుంచి మన పాట దాకా రావాలంటే మనమే పేరు టైపు చేసి వెతకాలి. పేరు ఎలా టైపు చేస్తాం? థింసా, దింసా, ధింసా, డింసా. ఇంగ్లీషు అక్షరాల్లో ఇంకో అయిదు రకాలు. ఒకే పాటని విన్నవాళ్ళు నాలుగు ముక్కలైపోతే యంత్రానికి నాలుగు చిన్న పాటలు కనిపిస్తాయి, ఒక పెద్ద పాట కనపడదు.

రెండోది, కొత్త పాటని ఎవరూ వినలేదు కాబట్టి యంత్రం ఎవరికీ చెప్పదు. ఎవరికీ చెప్పదు కాబట్టి ఎవరూ వినరు. కంప్యూటర్‌వాళ్ళు దీన్ని కోల్డ్ స్టార్ట్ అంటారు, చలికాలం పొద్దున్న బండి స్టార్ట్ అవ్వనట్టు. సినిమా పాటకి ఆ బాధ లేదు, ప్రకటనలు తోస్తాయి. దీనికి తోడు 2024 మొదటి నుంచి స్పాటిఫైలో ఒక పాటని ఏడాదిలో కనీసం 1,000 సార్లు వినకపోతే రికార్డింగు మీద పైసా రాదు. వెయ్యి పెద్ద సంఖ్య కాదు అనిపిస్తుంది. కానీ గదబ మాట్లాడేవాళ్ళు దేశం మొత్తం మీద 2011 లెక్కల్లో 40 వేల చిల్లర. అందులో స్మార్ట్ ఫోను ఎందరికి, ఆ యాప్ ఎందరికి, ఆ పాట ఉందని తెలిసేది ఎందరికి? లెక్క వేస్తే వెయ్యి కొండలా కనిపిస్తుంది.

మూడోది పేరు. 2020లో పలాస 1978 సినిమాలో రఘు కుంచె నక్కిలీసు గొలుసు పాట చేశాడు. మన ఉత్తరాంధ్ర జానపదం. సినిమా వచ్చి చాలా నెలలయ్యాక రీల్స్ వల్ల ఊగిపోయింది, మా హాస్టల్ వార్షికోత్సవంలో కూడా ఆడాం. మంచిదే, పాట బతికింది. ఆయన చేసింది తప్పని మేము అనట్లేదు. కానీ ఇప్పుడు ఆ మాటలు వెతికితే సినిమా పాటే వస్తుంది. పొలంలో వంగి నాట్లేస్తూ ఆ పాటని ఇన్నాళ్ళు మోసుకొచ్చిన ఆడవాళ్ళ గొంతు ఒక్కటి కూడా పైన కనపడదు. వాళ్ళెవరూ రికార్డు చెయ్యలేదు, చేసినా పేరు పెట్టలేదు. యంత్రానికి గాయకుడి పేరు కావాలి. "ఫలానా ఊరిది" అనే గడి అందులో లేదు.

మాకే జరిగింది చెప్తాం. ఆగస్టు 9 ఆదివాసీ దినోత్సవానికి (ఆ రోజుని ఐక్యరాజ్యసమితి ప్రకటించింది కూడా 1994లోనే, రింగో వచ్చిన ఏడాదే) మాలో ఒకరి ఊళ్ళో ఆడవాళ్ళు థింసా ఆడితే వీడియో తీసి పెట్టాం. రెండు రోజులకి ఒక మ్యూజిక్ కంపెనీ నుంచి క్లెయిమ్ వచ్చింది, ఈ పాట మాదీ అని. ఏటని చూస్తే, అదే వరసని ఎవరో స్టూడియోలో కీబోర్డుతో రికార్డు చేసి ఆ కంపెనీ ద్వారా పెట్టారు. యూట్యూబ్‌లో పోల్చి చూసే యంత్రం ఒకటుంటుంది, 2007 నుంచి ఉంది, అది వరస కలిసిందని పట్టేసింది. అమ్మల పాట అమ్మలది కాకుండా పోయింది. వీడియో తీసేద్దాం, గొడవెందుకు అన్నారు కొందరు. కేసులు పడతాయని ఇంట్లోవాళ్ళు భయపడ్డారు.

మా సీనియర్ అన్న కూర్చోబెట్టి చెప్పింది మీకూ పనికొస్తుంది. తరతరాలుగా వస్తున్న పాట వరస ఒక కంపెనీ సొంతం కాదు. ఒకడు దాన్ని రికార్డు చేస్తే ఆ రికార్డింగు మీద మాత్రమే వాడికి హక్కు. మనం మన గొంతుతో, మన డప్పుతో చేసిన రికార్డింగు మనది. పాడినవాళ్ళకి కూడా కాపీరైటు చట్టంలో హక్కు ఉంది, నా పేరు వెయ్యి అని అడిగే హక్కుతో సహా. అందుకని క్లెయిమ్ మీద డిస్ప్యూట్ నొక్కి, ఇది సంప్రదాయ పాట, ఫలానా ఊళ్ళో ఫలానా తేదీన ఫలానావాళ్ళు పాడగా మేమే తీశాం అని రాశాం. అవతలివాళ్ళకి 30 రోజులు గడువు ఉంటుంది. వాళ్ళు జవాబు చెప్పలేదు. క్లెయిమ్ పోయింది. ఆ నెల రోజులూ మేము రోజుకి నాలుగుసార్లు ఫోను చూసుకున్నాం.

సంక్రాంతికి వెళ్ళినప్పుడు మా ఫ్రెండు ఆ కోరాపుట్ పాట వాళ్ళ అమ్మమ్మకి వినిపించాడు. మేము నలుగురం వెంట ఉన్నాం. ఆవిడ ఫోనుని చెవికి ఆనించుకుని, కాల్ వచ్చినట్టు విన్నది. ఆవిడ పుట్టిల్లు మాచ్‌ఖండ్ అవతల. సగం పాటకే ఫోను పక్కన పెట్టేసింది. "ఈళ్ళు బేగి బేగి పాడేస్తన్నారు. మద్దిలో ఒక వరస వొదిలేసినారు" అంది. ఏ వరస అమ్మమ్మా అంటే, పాడి చూపించింది. ఆ వరసలో ఒక ఊరి పేరు వస్తుంది. ఆ ఊరు ఇప్పుడు లేదంట, జోలాపుట్ డ్యాము నీళ్ళ కింద ఉందంట. మాచ్‌ఖండ్ కరెంటు 1955లో మొదలైంది, ఆవిడ అప్పటికి ఇంకా పుట్టలేదు. వాళ్ళమ్మ దగ్గర నేర్చుకుందంట.

అప్పుడే రికార్డు చేశాం. వెనక కోడి కూసింది, ఎవరో మోటారు సైకిలు స్టార్ట్ చేశారు, అలాగే ఉంచేశాం. పెట్టేటప్పుడు పేరు గడిలో ఏం రాయాలన్న దగ్గర అరగంట కొట్టుకున్నాం. చివరికి మొదట ఆవిడ పేరు, తర్వాత ఊరు, తర్వాత పాట ఏ సందర్భంలో పాడతారో, తర్వాత భాష పేరు రాశాం. తెలుగులో, ఒడియాలో, ఇంగ్లీషు అక్షరాల్లో మూడు విధాలా రాశాం. ఒడియాలో రాయడానికి ఒనకడెల్లి నుంచి ఒక కుర్రాడు సాయం చేశాడు, ఆ కోరాపుట్ పాట కింద పరిచయమైనవాడే. పేరు వెయ్యొచ్చా అని ఆవిడని ముందే అడిగాం. "ఏస్తే ఏస్కోండి, మా అమ్మ పేరు కూడా ఏయండి" అంది. అదీ వేశాం.

ఇప్పటికి ఇలా 11 పాటలు అయ్యాయి. మొదటిది 340 సార్లు విన్నారు, అందులో సగం మా హాస్టలే అయ్యుంటుంది. తొమ్మిదో పాట విషయంలో మాత్రం ఆగిపోయాం. పెళ్ళిలో పిల్లని సాగనంపేటప్పుడు పాడేది, ముగ్గురు పెద్దవాళ్ళు పాడారు, ముగ్గురూ మూడు ఊళ్ళ పేర్లు చెప్పారు. పెదబయలు, డుంబ్రిగుడ, అరకు వైపువాళ్ళు ఎవరైనా ఈ గ్రూపులో ఉంటే, మీ ఇళ్ళల్లో అమ్మమ్మల్ని అడిగి, ఈ పాట మీ దగ్గరికి ఏ ఊరి కోడలు తెచ్చిందో రాయండి. ఆడియో రాత్రికి గ్రూపులో పెడతాం, ఇక్కడ హాస్టల్లో నెట్ రాత్రి పది దాటితే గానీ పలకదు.